మచ్చల రిజిస్టరు

వెన్నెముక సూక్ష్మ శస్త్రచికిత్స శిక్షణ సంస్థలో అడుగు పెట్టగానే ఎదుటి గోడ మీద ఆకుపచ్చ అక్షరాలతో ఒక సామెత కనిపిస్తుంది: "గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?" దాని కింద సంస్థ ముద్ర, ఆ కింద డైరెక్టరు డాక్టర్ చిదంబరరావు గారి పేరు. సామెత ఆయన పుట్టించింది కాదు. కానీ పెయింటరు సామెతకీ పేరుకీ మధ్య చోటు సరిగ్గా వదలకపోవడంతో, కొత్తగా వచ్చిన రోగులు అది ఆయన మాటే అనుకునేవారు. ఆయన కూడా కాదనేవారు కాదు.

పని మాత్రం మంచిదే. వెనకటి రోజుల్లో నడుములో నరం నొక్కుకుపోయిందంటే జానెడు కోసి, కండలు రెండు పక్కలకీ లాగి, పని అయ్యాక మనిషిని వారాల తరబడి మంచానికి అప్పగించేవారు. ఇప్పుడు వేలెడు లావు గొట్టం ఒకటి కండల సందులోంచి దింపి, మైక్రోస్కోపుతో దాంట్లోంచి చూస్తూ, నరాన్ని నొక్కుతున్న ముక్కను పట్టకారుతో తీసేస్తున్నారు. రోగి మర్నాడే లేచి క్యాంటీను దాకా నడిచివెళ్ళి, కాఫీలో పంచదార తక్కువైందని పోట్లాడతాడు. ఈ విద్యను జిల్లా ఆస్పత్రుల డాక్టర్లకు ఆరు వారాల్లో నేర్పి పంపడం సంస్థ పని. ఆపరేషన్ థియేటరు హెడ్ నర్సు సలోమి తన ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత ముచ్చటైన పని చూడలేదు. నాలుగు బ్యాచ్‌ల వాళ్ళు అలా నేర్చుకుని సాఫీగా వెళ్ళిపోయారు.

చిక్కల్లా మార్కుల దగ్గర వచ్చింది.

ఐదో బ్యాచ్ పది మంది డాక్టర్లూ వచ్చి చేరిన వారమే రాజధాని నుంచి ఒక ఉత్తరం దిగింది. శిక్షణ పొందుతున్న డాక్టర్ల నైపుణ్యాన్ని అంకెల్లో చూపించాలని దాని సారాంశం. డైరెక్టరు గారు మీటింగు పెట్టారు. రిజిస్టర్లు మోసుకొచ్చిన సలోమి తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుంది. డాక్టరు చెయ్యి వణుకుతోందా లేదా చూడాలని ఒకరన్నారు. ఎంతసేపట్లో ముగించాడో చూడాలని ఇంకొకరన్నారు. ఎవరూ అడగకపోయినా సలోమి నోరు విప్పింది.

"రోగి నడిచాడా లేదా అని చూస్తే సరిపోదాండీ?"

చిదంబరరావు గారు మామూలుగా మాట్లాడేటప్పుడు మనిషిలాగే మాట్లాడేవారు. ఎదురుగా ఫైలుంటే మాత్రం ఫైలులా మాట్లాడేవారు. అప్పుడు ఎదురుగా ఫైలుంది.

"నడక అనునది దీర్ఘకాలిక ఫలితము సిస్టర్. రోగి నడిచినాడని శాస్త్రీయముగా ధ్రువీకరించుటకు మూడు మాసములు పట్టును. మన శిక్షణ ఆరు వారములు. ఫలితము తేలకమునుపే డాక్టరు ఇంటికి పోవును. మచ్చ అట్లు కాదు. శస్త్రచికిత్స ముగిసిన గంటలోనే కొలతకు సిద్ధముగా నుండును."

అందరూ తలలు ఊపారు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మచ్చ కొలవచ్చు, నడక కొలవలేం. కొలవలేనిదాన్ని పట్టుకుని ఎవరు వేలాడతారు?

ఆ సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. కోత ఇరవై మిల్లీమీటర్లుంటే యాభై మార్కులు. అక్కడి నుంచి తగ్గించిన ప్రతి మిల్లీమీటరుకీ ఐదు మార్కులు అదనం. కొలిచి రిజిస్టర్లో రాసే బాధ్యత సలోమిది. పక్కనున్న పాలిటెక్నిక్ కాలేజీ వాళ్ళని బతిమాలి, ఇనప కడ్డీల మందం కొలిచే సాధనం ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. సలోమి దాన్ని ఉడకబెట్టి, తుడిచి, జేబులో వేసుకుంది.

మొదటివారం అందరివీ పద్దెనిమిది చొప్పున వచ్చాయి. గొట్టం లావే పద్దెనిమిది మరి. రెండోవారం డాక్టర్ శశాంక్ అనే చురుకైన కుర్రాయన పదిహేను తెచ్చాడు. చర్మాన్ని సాగదీసి, పదిహేను మిల్లీమీటర్ల గాటులోంచి పద్దెనిమిది మిల్లీమీటర్ల గొట్టాన్ని తోసేశాడు. సలోమి కొలిస్తే పదహారున్నర ఉంది.

"సిస్టర్, మీరు రోగి గాలి పీల్చినప్పుడు కొలిచారు" అన్నాడు శశాంక్. "పీల్చినప్పుడు వీపు ఉబ్బుతుంది. వదిలినప్పుడు కొలవండి."

"మనిషన్నాక పీల్చకుండా ఉంటాడా బాబూ?"

"కొలిచేంతసేపు వద్దని చెప్పండి."

విషయం పెద్దదై డైరెక్టరు గారి దాకా పోయింది. ముగ్గురితో శ్వాస ఉపసంఘం ఏర్పడింది. నాలుగు రోజులు కూర్చుని, మచ్చల కొలత ఇకపై 'నిశ్వాసాంతమున' జరుగవలెనని తేల్చింది. ఆనాటి నుంచి సలోమి పొద్దున్నే వార్డులో మంచం మంచానికీ తిరిగి "గాలి వదలండి, వదలండి, ఇంకా వదలండి" అని చెప్పేది. రోగులు అదీ వైద్యంలో భాగమే అనుకున్నారు. రేపల్లె వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఇంటికి వెళ్ళి, ఆ ఆస్పత్రిలో ఊపిరి వదిలిస్తే నడుంనొప్పి పోతుందని చాటింపు వేసింది. మర్నాటి నుంచి ఓ.పీ. గేటు ముందు జనం బారులు తీరి ఊపిరి వదులుతూ నిలబడ్డారు.

ఆ తర్వాత పన్నెండు మిల్లీమీటర్ల గొట్టాలు తెప్పించారు. ఆ తర్వాత ఎనిమిదివి. ఎనిమిది మిల్లీమీటర్ల గొట్టంలో కెమెరా పడుతుంది. పట్టకారు పట్టదు. శశాంక్ దానితో మొదటి ఆపరేషను చేసి, గంటలో బయటికి వచ్చి, చేతి తొడుగులు విప్పుతున్నాడు.

"ముక్క ఏదీ డాక్టరుగారూ, ల్యాబుకి పంపాలి" అని ట్రే పట్టుకుని నిలబడింది సలోమి.

"తీయలేదు సిస్టర్. చూశాను."

"చూశారా?"

"చాలా స్పష్టంగా ఉంది."

కోత ఎనిమిది మిల్లీమీటర్లు. నూటికి నూట పది మార్కులు. ఆ రోగికి నొప్పి అలాగే ఉందిగానీ, అడిగినప్పుడల్లా "మూడు నెలలకు తెలుస్తుంది" అని చెప్పేవారు. సంస్థ చరిత్రలో నూరు దాటిన మొదటి డాక్టరని శశాంక్‌కు శాలువా కప్పారు.

ఇక పోటీ రోగుల మీదికి మళ్ళింది. బక్కపల్చటి మనిషికి చిన్న గాటు చాలు. ఒళ్ళున్న మనిషికి లోతెక్కువ, గాటూ పెద్దదవుతుంది. డాక్టర్లు సన్నటి రోగుల కోసం పొద్దున్నే గేటు దగ్గర కాపు కాయడం మొదలుపెట్టారు. ఎముకల గూడులాంటి ఒక చేనేత కార్మికుడు వస్తే, అతని కోసం ముగ్గురు డాక్టర్లు చీటీలు వేసుకున్నారు. ఈ తోపులాట సంస్థ గౌరవానికి భంగమని డైరెక్టరు గారు గేటు దగ్గరే కాటా పెట్టించారు. అరవై కిలోలు దాటినవారు తగ్గి రావలెనని దాని పక్కన బోర్డు కట్టించారు.

వారం వారం సగటు కోత ఎలా పడిపోతోందో చూపించే గ్రాఫు ఒకటి సభాహాల్లో గోడంత పొడవున వేలాడేది. ఒకనాడు శశాంక్ ఒక రోగి వీపు మీదున్న పాత సెగ్గడ్డ మచ్చలోంచే కోసి, ఆ వికారపు మచ్చలో కొంత భాగం తీసేసి, అందంగా కుట్టాడు. పాత మచ్చ ముప్పై, ఇప్పుడు ఇరవై నాలుగు. అంటే కోత మైనస్ ఆరు. సలోమి మూడుసార్లు కొలిచి అలాగే రాసింది. సగటుతో నిమిత్తం లేకుండా గ్రాఫు గీతను ఆ మైనస్ దాకా, సున్నాకి కిందికి దించారు. కాగితంలో చోటు లేక, దాని అడుగున ఇంకో కాగితం అంటించారు.

"విజ్ఞానమునకు అంతము లేదు" అన్నారు చిదంబరరావు గారు, అంటించిన కాగితాన్ని నిమురుతూ.

ఇంత హడావుడిలోనూ పద్దెనిమిది దగ్గరే ఉండిపోయినవాడు ఒకడున్నాడు. డాక్టర్ ఓబులేసు. అనంతపురం వైపు మనిషి. మొదటివారం పద్దెనిమిది, ఐదోవారం పద్దెనిమిది. అతను ముట్టుకున్న తొమ్మిది మందీ లేచి తిరుగుతున్నారు. కానీ అందరి మార్కులూ పెరగడంతో పాస్ మార్కును నూరుకు పెంచారు. అతనికి వచ్చేది అరవై.

"ట్యూబు పద్దెనిమిదైతే బొక్క పద్దెనిమిది గాకుండా యెట్లైతాది సిస్టరమ్మా?" అనేవాడు అతను, క్యాంటీనులో ఉప్మా కెలుకుతూ.

"నాకు తెలిసింది కొలవడమే బాబూ" అనేది సలోమి.

ఇలా ఉండగా, ఆరోవారం మంగళవారంనాడు గాలయ్య వచ్చాడు.

ఆ రోజు రాజధాని నుంచి మూల్యాంకన కమిటీ వస్తోంది. గేటుకి మామిడాకులు కట్టారు. సరిగ్గా ఆ మామిడాకుల కిందికి ఒక ఆటో వచ్చి ఆగింది. వెనక సీట్లో అడ్డంగా పడుకుని ఉన్నాడు ఆర్టీసీ డ్రైవరు గాలయ్య. తల భార్య నాంచారమ్మ ఒళ్ళో, కాళ్ళు ఆటో బయట. నాలుగు రోజుల క్రితం బస్సు టైరు ఎత్తబోయి నడుం పట్టేసింది. ఎడమ కాలు మొన్నటి నుంచి ఈడుస్తున్నాడు. ఇవాళ తెల్లారిన దగ్గర్నుంచి మూత్రం రావడం లేదు. పెద్దాసుపత్రికి తీసుకుపోతే, నడుములకి వేరే సంస్థ ఉంది కదా అని చీటీ రాసి ఇక్కడికి పంపేశారు.

గేటు దగ్గర వాచ్‌మన్ అతన్ని ఇద్దరి చేత ఎత్తించి కాటా మీద పెట్టాడు. తొంభై నాలుగు.

"ముప్పై నాలుగు కిలోలు తగ్గి రావాలమ్మా" అన్నాడు వాచ్‌మన్ బోర్డు చూపించి.

"ముప్పై నాలుగు కిలోలు ఎక్కడ పెట్టి రావాలయ్యా? బస్టాండులో క్లోకు రూములోనా?" అంది నాంచారమ్మ. "మడిసి నిలువునా పోతుంటే తూకాలేస్తున్నావా? ఇది ఆస్పత్రా, మిర్చియార్డా?"

ఆ కేకలకి సలోమి బయటికి వచ్చింది. వెనకే ఓబులేసూ వచ్చాడు. అతను వాచ్‌మన్‌తో ఏమీ మాట్లాడలేదు. వంగి గాలయ్య ఎడమ కాలి బొటనవేలు పట్టుకున్నాడు.

"దీన్ని పైకెత్తన్నా."

గాలయ్య పళ్ళు బిగపట్టి ఎత్తబోయాడు. ముఖం ఎర్రబడింది. వేలు కదల్లేదు.

"ఈడ గిల్లినా తెలుస్తాందా?"

"తెలవట్లేదు సారూ."

పెద్దాసుపత్రి వాళ్ళు చీటీతోపాటు ఇచ్చిన ఎమ్మారై ఫిల్ములు వెలుతురుకి పట్టి చూశాడు ఓబులేసు. వెన్నుపూసల మధ్యనుండే మెత్త చిట్లి, పెద్ద ముక్క ఒకటి వెనక్కి జారి, నరాల గుత్తి మొత్తాన్ని నొక్కేస్తోంది. సలోమికి కూడా అది తెలిసింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ ఫిల్ముల్ని చూస్తూనే ఉంది.

"ఇవాళే తీయాల సిస్టరమ్మా. రేపన్నామంటే కాలు పోయినట్లే. మూత్రానికి గూడా బతికినంత కాలం గొట్టమే."

"మీ పద్దెనిమిది చాలదా?"

"చాలదు. ముక్క శానా పెద్దది, నడిమధ్యన ఉండాది. యాభై అన్నా తెరిచి, యెముక తీసి, నరాలకు చోటియ్యాల. గొడ్డలితో పొయ్యేదానికి గోరేం జేస్తాది?"

నాంచారమ్మ సలోమి చెయ్యి పట్టుకుంది. "ఎడమ కాలు పోతే క్లచ్చు ఎవరు తొక్కుతారు సిస్టరమ్మా? ఈయనకి వచ్చిందే ఆ ఒక్క పని. ఇంట్లో బల్ల మీద కూర్చున్నా ఎడంకాలు ఆడిస్తానే ఉంటాడు."

సలోమి, ఓబులేసు డైరెక్టరు గారి గదికి వెళ్ళారు. ఆయన కొత్త కోటు వేసుకుని ఉపన్యాసం కాగితాలు వరస పెడుతున్నారు. ఫిల్ము చేతికిస్తే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. ఆయనా డాక్టరే. ఒకప్పుడు మంచి డాక్టరు కూడా.

"అబ్బ, పెద్దదేనయ్యా ఇది" అన్నారు, మనిషి గొంతుతో. "ఎంత తెరవాలంటావు?"

"యాభై సార్."

చిదంబరరావు గారు వెంటనే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చెయ్యి ఫైలు మీద పడింది. గొంతు మారిపోయింది.

"యాభై మిల్లీమీటర్లు! ఈ సంస్థలో! కమిటీ వచ్చిన దినమున! సగటు ఎచ్చటికి పోవునో యోచించితివా? గ్రాఫు గీత నిలువునా పైకి లేచును. అంటించిన కాగితము వ్యర్థమగును."

"కాలు పోతాది సార్."

"రోగి యెడల నాకు సంపూర్ణ సానుభూతి కలదు. రేపు సాయంత్రము కమిటీ నిష్క్రమించిన పిదప పరిశీలించెదము."

"రేపటికి ఆలస్యమైతాది సార్."

ఆయన ఒక్క క్షణం ఓబులేసు ముఖంలోకి చూశారు. చెయ్యి ఫైలు మీంచి కొంచెం లేచింది. అంతలో బయట కార్ల హారన్లు వినిపించాయి. కోటు సర్దుకుంటూ పరుగులాంటి నడకతో వెళ్ళిపోయారు.

వరండాలో సలోమి, ఓబులేసు మిగిలారు. డాక్టర్లు, నర్సులు, క్లర్కులు అందరూ హాలు వైపు పోతున్నారు.

"థియేటరు ఖాళీగా ఉంది డాక్టరుగారూ" అంది సలోమి. "మత్తు డాక్టరమ్మకి వేదిక మీద కుర్చీ వెయ్యలేదట. అలిగి తన గదిలోనే కూర్చుంది. పిలిస్తే వస్తుంది."

ఓబులేసు గోడకి ఆనుకున్నాడు. "నేను ఈ పని జేస్తే నాకు సర్టిఫికెట్ రాదు సిస్టరమ్మా."

"చెయ్యకపోతే వస్తుందా?"

అతను లెక్కవేసుకున్నాడు. "రాదు."

"మరింకేం. చేతులు కడుక్కోండి."

హాల్లో జ్యోతి వెలిగించేసరికి థియేటర్లో గాలయ్య బోర్లా పడుకుని నిద్రలో ఉన్నాడు. గోడ అవతల స్వాగతోపన్యాసం, గోడ ఇవతల మానిటరు చప్పుడు. మధ్య మధ్య చప్పట్లు. ఓబులేసు నిదానస్తుడు. అతనికి ఏ పనిముట్టు కావాలన్నా, అడిగేలోపే సలోమి దాన్ని అతని చేతిలో పెట్టేది. ఎముక కొంచెం కొంచెం తీస్తూ, నరాల పొరను మెల్లగా పక్కకు ఒత్తి, ఆ కిందున్న ముక్కను పట్టకారుతో పట్టుకుని లాగాడు. రెండు చింతగింజలు కలిపినంత ముక్క బయటికి వచ్చింది. అప్పటిదాకా నలిగి పాలిపోయి ఉన్న నరాల పొర నెమ్మదిగా ఉబ్బి, గుండెతోపాటు కొట్టుకోసాగింది. సరిగ్గా అప్పుడే గోడ అవతల చప్పట్లు మోగాయి. అవి గ్రాఫుకి.

కుట్లు వేశాక సలోమి జేబులోంచి సాధనం తీసింది.

"కొలుస్తావా యేంది?" అన్నాడు ఓబులేసు.

"నా పని అదేగా."

యాభై రెండు వచ్చింది. నిశ్వాసాంతమున కూడా యాభై రెండే. రిజిస్టర్లో రాసి, సంతకం పెట్టింది.

బుధవారం పొద్దున గాలయ్య బొటనవేలు ఒక వడ్లగింజంత కదిలింది. నాంచారమ్మ దాన్ని చూసి, మళ్ళీ కదిలించమని, మళ్ళీ కదిలించమని మొగుణ్ణి విసిగించింది. శుక్రవారం మూత్రపు గొట్టం తీసేశారు. తనంతట తాను బాత్రూముకి వెళ్ళివచ్చాడని ఆమె వార్డంతా తిరిగి చెప్పింది. శనివారం వాకరు పట్టుకుని వరండాలో నడిచాడు.

కమిటీ బుధవారం వెళ్ళవలసిందిగానీ, గెస్ట్ హౌస్‌లో చేపల పులుసు బాగుండటంతో శనివారం దాకా ఉండిపోయింది. ఆ రోజు అధ్యక్షులు వేదాద్రి గారు సంతకాల కోసం మచ్చల రిజిస్టరు తెప్పించుకుని తిరగేస్తూ ఒకచోట ఆగారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. సలోమిని, ఓబులేసుని పిలిపించారు. డైరెక్టరు గారు అప్పటికే ఒక మూల చెమటలు తుడుచుకుంటున్నారు.

"సిస్టర్, ఇచ్చట యాభై రెండు అని యున్నది. ఐదుకును రెండుకును మధ్య చుక్క విస్మరించినారా?"

"లేదండి. యాభై రెండే."

"కొట్టివేసి సరిచేయుదురా?"

"కొలిచి రాశానండి. కొట్టెయ్యను" అంది సలోమి. గొంతు పెంచలేదు. ఇరవై రెండేళ్ళలో ఆమె ఒక్క అంకె కూడా కొట్టివేసి రాసింది లేదు.

"కొయ్యమన్నది నేను గాదు సార్, ఆ ముక్క. యేం జేసినా నన్ను జేయండి. సిస్టరమ్మను యేమనొద్దు" అన్నాడు ఓబులేసు.

వేదాద్రి గారు చెయ్యెత్తి ఆపారు. ముప్పై ఆరేళ్ళు సచివాలయంలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దృష్టిలో పరిష్కారం లేని సమస్య లేదు, రాత సరిగ్గా లేని సమస్యే ఉంది. కలం మూత తీశారు.

"చిదంబరరావు గారూ, ఈ సంస్థకు ఎన్ని మిల్లీమీటర్ల వరకు కోయుటకు అనుమతి కలదు?"

"ఇరవై వరకండీ."

"ఇరవై దాటిన కోత కోయుటకు అధికారము?"

"లేదండీ. ఎంతమాత్రమూ లేదండీ."

"అధికారము లేని కార్యము ప్రభుత్వ సంస్థలో జరుగునా?"

డైరెక్టరు గారు చెమట తుడుచుకోవడం ఆపారు. "జరగడానికి వీల్లేదండీ."

"వీలు లేనిది జరుగలేదు. జరుగని కోతకు కొలత ఎంత?"

గదిలో ఎవరూ ఊపిరి పీల్చలేదు.

"సున్నా" అన్నారు వేదాద్రి గారు. సలోమి రాసిన యాభై రెండు జోలికి పోకుండా, దాని పక్కన స్కేలు పెట్టి నిలువుగా కొత్త గీత గీసి, పైన 'అధీకృత కొలత' అని రాసి, కింద స్వహస్తంతో గుండ్రని సున్నా చుట్టారు. "సిస్టర్ కొలిచిన అంకె సిస్టర్‌ది. ప్రభుత్వపు అంకె ప్రభుత్వానిది. రెంటికిని వైరము లేదు."

అంతలో కిటికీ అవతల వరండాలో టకటక చప్పుడైంది. వాకరుతో గాలయ్య పోతున్నాడు. వెనకే నాంచారమ్మ "ఆ ఎడంకాలు ఈడవమాక, ఎత్తి వెయ్యి" అని అదిలిస్తోంది.

"ఈ రోగియేనా?" అన్నారు వేదాద్రి గారు.

"ఈయనేనండీ."

"కోత సున్నా. రోగి నడచుచున్నాడు." ఆ రెండు వాక్యాల్నీ ఆయన తమలపాకు నమిలినట్టు నెమ్మదిగా నమిలారు. చిదంబరరావు గారి ముఖం మెల్లగా వికసించడం సలోమి చూసింది. కోత లేకుండా బాగుచేసిన సంస్థ ఎక్కడైనా ఉందా? దేశంలో ఉందా?

వార్త క్షణాల్లో పాకింది. డాక్టర్ శశాంక్ పరిగెత్తుకొచ్చాడు. "సార్, సున్నా గొప్పా? నాది మైనస్ ఆరు!"

"మీ రోగి నడచినాడా?" అన్నారు వేదాద్రి గారు.

"మూడు నెలలకు తెలుస్తుంది సార్."

"అటులైన మూడు నెలలకు రండు."

సున్నా కోతకు నూట యాభై మార్కులు. డాక్టర్ ఓబులేసు పాసయ్యాడు. పాసవడమే కాదు, ఊరికి పోనివ్వలేదు కూడా. 'శూన్య కోత విధానము' అనే కొత్త కోర్సుకి అతనే బోధకుడని ఆర్డరు వచ్చింది. రాష్ట్రంలోని అన్ని జిల్లాల నుంచీ డాక్టర్లు ఆ విద్య కోసం ఎగబడ్డారు.

మొదటి క్లాసునాడు ఓబులేసు తలుపు గడియ పెట్టి, నల్లబల్ల ముందు నిలబడ్డాడు. "ముందు రోగి కాలు పట్టుకుని చూడండి. ఫిల్ము తర్వాత చూద్దురు. పద్దెనిమిది గొట్టంతో పొయ్యేదానికి పద్దెనిమిది కొయ్యండి. పోనిదానికి యెంత కావాల్నో అంత తెరవండి. యెంత తెరిచినారో సిస్టరమ్మ రాస్తాది. సర్కారు యేమి రాసుకుంటుందో అది మనకెందుకు?" అన్నాడు. డాక్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నోట్సు పుస్తకాలు మూసేసి, పని నేర్చుకున్నారు.

సున్నా కోతకి బరువుతో పని లేదు గనుక గేటు దగ్గర కాటా పోయింది. ఇరవై దాటినవన్నీ అధీకృత వరుసలో సున్నాలయ్యాయి. వాటిని చూసి దాటనివాళ్ళు కూడా మాకేం తక్కువని పట్టుబట్టడంతో అవీ సున్నాలే అయ్యాయి. శశాంక్ 'చూసిన' రోగిని, 'మైనస్' రోగిని మళ్ళీ పిలిపించి, ఓబులేసు ఆ ముక్కలు తీశాడు. తీసేటప్పుడు శశాంక్ పక్కనే నిలబడి మొదటిసారి పట్టకారు పట్టుకున్నాడు. చెయ్యి మంచిదే, వణకలేదు. సలోమి పద్దెనిమిది, ఇరవై ఒకటి, నలభై అని తన వరుసలో రాసుకుంటూ పోయింది. గ్రాఫు గీత సున్నా మీద పడుకుని మరి లేవలేదు.

మూడు నెలలు గడిచాయి. గాలయ్య నడుస్తున్నాడని ప్రభుత్వం శాస్త్రీయంగా ధ్రువీకరించింది. నిజానికి అతను రెండు వారాల నుంచీ డిపోలో తేలికపాటి డ్యూటీ చేస్తున్నాడు. సంస్థలో సన్మానసభ పెట్టారు. వేదిక మీద వేదాద్రి గారు, చిదంబరరావు గారు, ఓబులేసు, మత్తు డాక్టరమ్మ (ఈసారి ఆమెకీ కుర్చీ వేశారు), మధ్యలో కొత్త చొక్కాతో గాలయ్య. వెనక గోడంత గ్రాఫు. హాలు నిండా ఊరూరి డాక్టర్లు. సలోమి గోడ పక్కన నిలబడింది.

డైరెక్టరు గారు మైకు పట్టుకుని గంటసేపు మాట్లాడారు. కోతే లేదన్న మాట మూడు నెలలుగా చెప్పి చెప్పి, ఆయనకి ఇప్పుడు దాని మీద ఎలాంటి అనుమానమూ మిగల్లేదు.

"మాటలేల? ప్రత్యక్షమునకు మించిన ప్రమాణము లేదు. గాలయ్య గారూ, చొక్కా తొలగించి, కోత ఎరుగని ఆ వీపును సభకు చూపించుడు."

సలోమి జేబులోని సాధనాన్ని పట్టుకుంది. ఓబులేసు తల దించుకున్నాడు. గాలయ్య అమాయకుడు. పెద్దమనిషి అడిగాడు కదా అని పై గుండీ విప్పాడు, రెండోది విప్పాడు. మూడో గుండీ దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలోంచి నాంచారమ్మ ఒక్క అంగలో వేదిక ఎక్కి అతని చెయ్యి పట్టుకుంది.

"ఏందయ్యా నువ్వు చేసే పని?" అంది చెవిలో. మైకు దగ్గరగా ఉండటంతో ముందు రెండు వరసలకీ, గోడ పక్కనున్న సలోమికీ వినపడింది. "సర్కారు లేదన్నదాన్ని పదిమందిలో చూపిస్తావా? మచ్చ ఉందని తేలితే, రేపు నీ నడక లేదని కాగితం రాస్తారు. పెట్టుకో గుండీలు."

గాలయ్య గబగబా గుండీలు పెట్టుకున్నాడు. నాంచారమ్మ డైరెక్టరు గారి వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

"ఏమనుకోమాకండి బాబుగారూ, చూపించటానికి అక్కడేం లేదు."

"వింటిరా!" అన్నారు చిదంబరరావు గారు, మైకు ఎత్తి పట్టుకుని. "చూపించుటకు ఏమియు లేదు!"

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఫోటోగ్రాఫర్లు గ్రాఫు ముందుకి పరిగెత్తారు. ఆ గోలలో గాలయ్య వేదిక దిగుతున్నాడు. నాలుగు మెట్లు. నాంచారమ్మ చెయ్యి అందించబోతే అక్కర్లేదన్నాడు. ఎడమ కాలు ముందు వేసి, దాని మీద తొంభై నాలుగు కిలోలూ మోపి, ఒక మెట్టు దిగాడు. మళ్ళీ ఎడమ కాలు, ఇంకో మెట్టు. జనమంతా వెలుగుతున్న కెమెరాల వైపు చూస్తున్నారు. సలోమి ఆ కాలి వైపు చూస్తూ, నాలుగో మెట్టు దిగేదాకా కదలకుండా నిలబడింది.